బుమ్రా, స్టార్క్ సరే... మూడో పేసర్ సంగతేంటి?

ప్రశ్న ఇది: 2027 మొదట్లో ఆస్ట్రేలియా ఐదు టెస్టుల బోర్డర్-గవాస్కర్ సిరీస్ ఆడటానికి మన దేశం వస్తోంది. ఒకవైపు బుమ్రా, సిరాజ్. మరోవైపు కమిన్స్, స్టార్క్, హేజిల్‌వుడ్, బోలాండ్. ఎవరి పేస్ దళం గట్టిది? అందరి సగటులూ, అంటే ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు, పక్కపక్కన పెట్టి చూస్తే తేలుతుందా?

సగటులతో తేలదు. నేను చాలాకాలం లీగ్ క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ చేశాను, ఇప్పుడు కుర్రాళ్లకు అదే నేర్పిస్తున్నాను. ఏ టెస్టు సిరీస్ ముందైనా నేను మొదట చూసేది ఒకటే. కొత్త బంతి బౌలర్లు ఇద్దరూ స్పెల్ ముగించి, టోపీ పెట్టుకుని ఫైన్ లెగ్‌కి వెళ్లిపోయాక బంతి ఎవరి చేతిలో ఉంటుంది? వన్డేలు, టీ20లు వేరు, అక్కడ బౌలర్‌కి ఓవర్ల పరిమితి ఉంటుంది కాబట్టి గొప్ప బౌలర్ ఒక్కడున్నా చాలాసార్లు నెట్టుకురావచ్చు. టెస్టులో రోజుకి 90 ఓవర్లు వేయాలి. ఎంత గొప్ప పేసర్ అయినా అందులో ఇరవై వేయడం గగనం. మిగతా డెబ్భై ఓవర్ల లెక్క ఎవరి దగ్గర బాగుంటే సిరీస్ వాళ్ల వైపు మొగ్గుతుంది.

2024-25 సిరీస్‌నే తీసుకోండి. బుమ్రా ఐదు టెస్టుల్లో 13.06 సగటుతో 32 వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా గడ్డ మీద ఒక సిరీస్‌లో ఇంకే భారత బౌలరూ అన్ని తీయలేదు. 1977-78లో బేడీ తీసిన 31 వికెట్లే అంతకు ముందు రికార్డు. మెల్‌బోర్న్‌లో 200వ వికెట్ తీసినప్పుడు అతని కెరీర్ సగటు 20 లోపు ఉంది. టెస్టు చరిత్రలో ఆ మైలురాయిని అంత తక్కువ సగటుతో చేరినవాడు మరొకడు లేడు. ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ కూడా అతనే. సిరీస్ మాత్రం 3-1తో ఆస్ట్రేలియా పట్టుకుపోయింది.

ఆ సిరీస్‌లో అటువైపు వికెట్లు ఎలా పంచుకున్నారో చూడండి. కమిన్స్ 25, స్టార్క్ 18. హేజిల్‌వుడ్ గాయాలతో రెండు టెస్టులే ఆడి 6 తీశాడు. అతను తప్పుకుంటే గానీ చోటు దొరకని స్కాట్ బోలాండ్ మూడు టెస్టుల్లోనే 21 వికెట్లు తీశాడు, సగటు 13.19. అంటే వాళ్ల రిజర్వు బౌలర్ మన ప్రపంచ నంబర్‌వన్ బౌలర్ సగటుకి దాదాపు సమానంగా వేశాడు. మన దగ్గర బుమ్రా తర్వాత సిరాజ్ 20. ఆ తర్వాత ఆకాశ్ దీప్, ప్రసిద్ధ్ కృష్ణ, హర్షిత్ రాణా, నితీశ్ కుమార్ రెడ్డి, వీళ్లలో ఒక్కరూ పది వికెట్ల దాకా రాలేదు. సిడ్నీలో చివరి ఇన్నింగ్స్‌కి బుమ్రా వెన్ను పట్టేసి డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండిపోయాడు. 162 పరుగుల లక్ష్యం, పేసర్లకు బాగా సహకరిస్తున్న పిచ్. బుమ్రా ఉంటే ఆస్ట్రేలియాకు చెమటలు పట్టేవి. అతను లేకపోయేసరికి ఆరు వికెట్లతో గెలిచేశారు. అదే టెస్టులో బోలాండ్ పది వికెట్లు తీశాడు.

ఆ వెన్ను ఊరికే పట్టేయలేదు. బుమ్రా ఆ సిరీస్‌లో 150 ఓవర్లకు పైగా వేశాడు, సిరాజ్ కూడా అంతే. మన తొలి ఇన్నింగ్స్ స్కోర్లు వరుసగా 150, 180, 260, 369, 185. మెల్‌బోర్న్ తప్ప ఎక్కడా తొలి ఇన్నింగ్స్ 300 దాటలేదు. పేసర్‌కి కాళ్లు చాపుకునే తీరిక దొరికేది బ్యాటర్లు క్రీజులో నిలబడినప్పుడే. పెర్త్‌లో మనవాళ్లు 150కి ఆలౌట్ అయిన రోజునే బుమ్రా మళ్లీ బంతి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ టెస్టులో అతను 5/30 తీసి ఆస్ట్రేలియాను 104కే కూల్చడంతో గెలిచాం. కానీ ప్రతి టెస్టులోనూ అదే చేయమంటే ఏ శరీరమూ ఓర్చుకోదు. అందుకే రెండు దేశాల పేసర్లను పోల్చేవాళ్లు రెండు దేశాల టాప్ ఆర్డర్‌ని కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

ఇదే సూత్రం మనకి కలిసొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2020-21లో బ్రిస్బేన్‌లోని గబ్బా టెస్టుకి వచ్చేసరికి బుమ్రా, షమీ, ఉమేశ్, ఇషాంత్ ఎవరూ లేరు. రెండంటే రెండు టెస్టులు ఆడిన సిరాజ్ పేస్ దళానికి పెద్ద దిక్కు. నటరాజన్, వాషింగ్టన్ సుందర్‌లకి అదే తొలి టెస్టు. అయినా సిరాజ్ రెండో ఇన్నింగ్స్‌లో 5/73, శార్దూల్ ఠాకూర్ మ్యాచ్‌లో ఏడు వికెట్లు. అటువైపు ఆస్ట్రేలియా స్టార్క్, కమిన్స్, హేజిల్‌వుడ్, లయన్ అనే నలుగురినే నాలుగు టెస్టులూ ఆడించింది. సిడ్నీలో చివరి ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియాచేత 131 ఓవర్లు వేయించాం, చాలావరకు ఈ నలుగురే వేశారు. నాలుగు రోజులు తిరక్కుండానే బ్రిస్బేన్‌లో మళ్లీ దిగారు. చివరి రోజు 328 ఛేజ్‌లో స్టార్క్ 16 ఓవర్లలో 75 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేకపోయాడు. అతని నైపుణ్యం రాత్రికి రాత్రి ఎక్కడికీ పోలేదు. కాళ్లలో సత్తువ అయిపోయింది, అంతే. ఆ ఛేజ్‌లో మనం గెలిచాం, పంత్ ఇన్నింగ్స్ లేకపోయినా గెలిచేవాళ్లమని అనను. కానీ అలసిన పేస్ దళం మీద పంత్ లాంటివాడు ఎంత ప్రమాదమో ఆ రోజు చూశాం.

2025 ఇంగ్లండ్ పర్యటన ఇంకా విచిత్రం. బుమ్రా మూడు టెస్టులే ఆడతాడని ముందే చెప్పారు. ఆ మూడింటిలో ఒక్కటీ గెలవలేదు. అతను లేని ఎడ్జ్‌బాస్టన్, ఓవల్ టెస్టులు రెండూ గెలిచాం. అందుకని బుమ్రా లేకపోతేనే మేలని కొందరు తేల్చేశారు, అది పూర్తిగా తప్పు. ఎడ్జ్‌బాస్టన్‌లో గిల్ 269, 161 చేశాడు, బౌలర్లకు కావలసినన్ని పరుగులు, కావలసినంత విశ్రాంతి దొరికాయి. పైగా మూడో బౌలర్ అనుకున్న ఆకాశ్ దీప్ ఆ టెస్టులో పది వికెట్లు తీశాడు. ఇక సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి, 185 ఓవర్లకు పైగా వేసి, సిరీస్‌లో అందరికన్నా ఎక్కువగా 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో నాలుగో రోజు బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేశాడు. బ్రూక్ అప్పటికి 19, తర్వాత 111 చేశాడు. ఇంకొకరైతే కుంగిపోయేవారు. సిరాజ్ మర్నాడు ఉదయం 35 పరుగులు కాపాడటానికి వచ్చి, అట్కిన్సన్‌ని యార్కర్‌తో బౌల్డ్ చేసి ఆరు పరుగులతో గెలిపించాడు. 25 రోజుల ఆటలో చివరి రోజున కూడా అంత వేగంతో, అంత సూటిగా యార్కర్ వేయగలగడం ఏ సగటులోనూ కనపడని గుణం. హైదరాబాదీ అని అభిమానంతో అనడం లేదు, ఒక పేసర్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చే గుణం అదే.

ఆస్ట్రేలియా లోతు ఇంకా తగ్గలేదని ఇంగ్లండ్‌తో ఆడిన 2025-26 యాషెస్ సిరీస్ చూపించింది. హేజిల్‌వుడ్ ఒక్క టెస్టూ ఆడలేదు, కమిన్స్ అడిలైడ్‌లో ఒక్కటే ఆడాడు. అయినా 4-1. స్టార్క్ 31 వికెట్లు తీశాడు, బోలాండ్, నీసర్ చుట్టూ నిలబడ్డారు. ఇంగ్లండ్ ఆర్చర్, వుడ్, అట్కిన్సన్, కార్స్ అంటూ వేగాన్ని నమ్ముకుని దిగింది. వుడ్ పెర్త్‌తోనే ఆగిపోయాడు, ఆర్చర్ అడిలైడ్ తర్వాత లేడు, అట్కిన్సన్ మెల్‌బోర్న్‌లో గాయపడ్డాడు. కాగితం మీద వేగం ఇంగ్లండ్‌దే ఎక్కువ. సిరీస్ చివరిదాకా నిలబడింది మాత్రం ఆస్ట్రేలియా పేసర్లు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ విదేశీ పిచ్‌ల సంగతులు. రాబోయేది మన దేశంలో ఆడే సిరీస్ కాబట్టి లెక్క కొంత మారుతుంది.

ఇక్కడ ఎస్‌జీ బంతి వాడతారు. దాని కుట్టు ఎత్తుగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో వాడే కూకాబుర్రా బంతి కుట్టు త్వరగా అణిగిపోతుంది, దీనిది అంత త్వరగా అణగదు. మొదటి పది, పదిహేను ఓవర్లు బంతి కదులుతుంది. ఆ తర్వాత బంతి మెరుపు పోయి, పిచ్ పొడిబారి, స్పిన్నర్ల చేతికి వెళ్తుంది. ఎండిన నేల బంతి ఒక వైపును గరుకు చేస్తుంది, ఫీల్డర్లు రెండో వైపును తుడుస్తూ నున్నగా ఉంచుతారు. అప్పుడు పేసర్ రెండోసారి రంగంలోకి వస్తాడు, రివర్స్ స్వింగ్ కోసం, అంటే పాత బంతిని గాల్లో మామూలుకి ఎదురు దిశలో తిప్పడం కోసం. మన దేశంలో పేసర్ పని చాలావరకు ఈ రెండు చిన్న స్పెల్స్. ఇక్కడ బౌన్స్ తక్కువ కాబట్టి ఆస్ట్రేలియాలో వేసినట్టు గుడ్ లెంగ్త్‌కి కాస్త వెనక్కి వేసి స్లిప్పుల వైపు చూస్తూ కూర్చుంటే కుదరదు. ఇంకా ముందుకు, స్టంప్స్ మీదికి వేయాలి. బౌల్డ్, ఎల్‌బీడబ్ల్యూ, ఇవే ఇక్కడి వికెట్లు.

దీన్ని దగ్గరగా చూడాలంటే 2024 ఫిబ్రవరిలో విశాఖ టెస్టు రెండో రోజు వీడియో పెట్టుకోండి. బ్యాటింగ్‌కి చక్కని పిచ్, జైస్వాల్ 209 కొట్టాడు. ఇంగ్లండ్ తొలి ఇన్నింగ్స్‌లో అశ్విన్‌కి ఒక్క వికెట్టూ రాలేదు. బుమ్రా 15.5 ఓవర్లలో 6/45. ఒలీ పోప్‌కి వేసిన బంతి చూడండి. మొదట ఆఫ్ స్టంప్ బయటికి పోతున్నట్టే ఉంటుంది, బ్యాటర్ దగ్గరికి వచ్చాక ఆఖరి క్షణంలో లోపలికి తిరిగి కాళ్ల దగ్గర పడుతుంది, స్టంప్స్ చెల్లాచెదురు. పోప్ బ్యాట్ కిందికి వచ్చేలోపే అంతా అయిపోయింది. తర్వాత స్టోక్స్ బౌల్డ్ అయి, ఇంకేం చేయగలనన్నట్టు బ్యాట్ వదిలేశాడు. బుమ్రా పరుగు చిన్నది, చివరి రెండు అడుగుల దాకా వేగమే కనపడదు. మోచెయ్యి మామూలుకన్నా ఎక్కువ వెనక్కి వంగుతుంది కాబట్టి మిగతావాళ్లకన్నా బంతిని బ్యాటర్‌కి కాస్త దగ్గరగా వదులుతాడు. స్పీడ్ గన్ 140 చూపించినా బ్యాటర్‌కి చిక్కే సమయం అంతకన్నా వేగమైన బంతికి చిక్కినంతే. అతని రివర్స్‌ని చదవడం అందుకే అంత కష్టం. ఆస్ట్రేలియాలో 12 టెస్టుల్లో 64 వికెట్లు తీసినవాడు మన పిచ్‌ల మీద కూడా అదే స్థాయిలో ఉండటానికి కారణం ఇదే. పిచ్ సాయం కోసం చూడాల్సిన అవసరం అతనికి తక్కువ.

2023 నాగ్‌పూర్ టెస్టు ఇంకో రకం ఉదాహరణ. సిరాజ్ తన మొదటి బంతికే ఖవాజాను ఎల్‌బీడబ్ల్యూ చేశాడు, షమీ వార్నర్ ఆఫ్ స్టంప్‌ని గాల్లోకి లేపాడు. 2 పరుగులకి 2 వికెట్లు. స్కోరుబోర్డులో జడేజా 5/47 పెద్దగా కనిపిస్తుంది, అది న్యాయమే. కానీ కుదురుకోకముందే కొత్త బ్యాటర్లు స్పిన్నర్లకు ఎదురుపడేలా చేసింది ఆ రెండు వికెట్లే. మన దేశంలో పేసర్‌ని వికెట్ల సంఖ్యతో కొలిస్తే ఇలాంటివి లెక్కలోకే రావు.

మరి ఆస్ట్రేలియా పేసర్లు ఇక్కడ తేలిపోతారా? అలా అనుకునేవాళ్లు 2004ను మర్చిపోకూడదు. 1969-70 తర్వాత ఆస్ట్రేలియా మన దేశంలో సిరీస్ గెలవడం అప్పుడే. గిలెస్పీ 20, మెక్‌గ్రాత్ 14, కాస్ప్రోవిచ్ 9 వికెట్లు తీశారు. స్లిప్పుల మోజు తగ్గించుకుని, లెగ్ సైడ్ ఫీల్డర్లను పెట్టి, బౌండరీ దగ్గర కాపలా పెట్టి, స్టంప్స్ మీదికి ఓపిగ్గా వేశారు. మన బ్యాటర్లు పరుగుల్లేక విసిగి తప్పు చేసేదాకా ఆగారు. నాగ్‌పూర్‌లో పచ్చిక పిచ్ దొరకడం వాళ్ల అదృష్టం, గిలెస్పీకి ఆ టెస్టులో తొమ్మిది వికెట్లు. కానీ బెంగళూరులో గెలిచింది అదృష్టంతో కాదు. ఇక్కడ కూడా అసలు విషయం ముగ్గురు ఉండటం. ఇద్దరు కట్టడి చేస్తున్నప్పుడు మూడోవాడు పరుగులు వదిలేసి ఉంటే ఆ పథకం ఒక్క సెషన్‌లో కుప్పకూలేది.

కమిన్స్ ఆ బడిలోంచి వచ్చినవాడే. 2017 రాంచీ టెస్టులో, స్టార్క్ గాయపడితే అతని స్థానంలో, ఐదేళ్లకు పైగా గడిచాక మళ్లీ టెస్టు ఆడుతూ, పుజారా 525 బంతులు ఆడిన ఆ చప్పటి పిచ్ మీద 39 ఓవర్లు వేసి 4 వికెట్లు తీశాడు. మనం 603 చేసినా అతన్ని ఎవరూ కొట్టిపడేయలేదు. హేజిల్‌వుడ్, బోలాండ్ ఇద్దరూ ఒకే చోట వంద బంతులు వేయగలరు. అయితే వాళ్ల ప్రధాన ఆయుధం పిచ్ మీద పడి లేచే బంతి, అది ఇక్కడ సగానికి తగ్గుతుంది. నన్ను ఎక్కువ కంగారు పెట్టేది స్టార్కే. యార్కర్, రివర్స్, వేగం మూడూ ఉన్నాయి. ఎడమచేతి వాటం కాబట్టి ఓవర్ ద వికెట్ వేసి ముందుకు వచ్చినప్పుడు అతని పాదాల గుర్తులు కుడిచేతి బ్యాటర్ ఆఫ్ స్టంప్ బయట గరుకు చేస్తాయి. రెండో వైపు నుంచి లయన్ లాంటి ఆఫ్ స్పిన్నర్‌కి అదే కావాలి. మన కుడిచేతి పేసర్లు చేసే గరుకు ఎడమచేతి బ్యాటర్లకు ఇబ్బంది, హెడ్, కేరీలకు సుందర్ వేసేటప్పుడు అది పనికొస్తుంది. పేసర్‌ని ఎంచుకునేటప్పుడు స్పిన్నర్ ఎవరో కూడా చూడాలని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

2025 నవంబర్‌లో గువాహటిలో దక్షిణాఫ్రికా పేసర్ మార్కో యాన్సెన్ 6/48 తీశాడు. చాలావరకు షార్ట్ బంతులతోనే. అదేమీ పేస్ పిచ్ కాదు, అంతకు ముందే వాళ్లు 489 చేశారు. పొడవైన ఎడమచేతి పేసర్ ఒకడు ఛాతీ ఎత్తుకు వేస్తే మన మిడిల్ ఆర్డర్ ఎలా ఆడిందో ఆస్ట్రేలియా తప్పకుండా చూసి ఉంటుంది. ఇక్కడ బౌన్సర్ పనిచేయదన్న ధీమా ఇక పక్కన పెట్టాలి.

వాళ్ల బలహీనత కూడా స్పష్టంగానే ఉంది, అది వయసు. సిరీస్ నాటికి స్టార్క్‌కి 37 నిండుతాయి, బోలాండ్‌కి 37, హేజిల్‌వుడ్‌కి 36. కమిన్స్ వెన్ను 2025లో నెలల తరబడి ఇబ్బంది పెట్టింది. మన ఎండల్లో, కొద్ది వారాల్లో ఐదు టెస్టులు ఆ వయసులో చిన్న విషయం కాదు. వాళ్లు మార్చి మార్చి ఆడించక తప్పదు. మన వైపు బుమ్రా, సిరాజ్ ఇద్దరికీ అప్పటికి 33 దాటవు. కానీ బుమ్రా ఐదూ ఆడతాడని నేనైతే లెక్క వేసుకోను, మూడు అనుకుని పథకం వేస్తాను. ఆ మిగతా రెండింటికి నా ఓటు ఆకాశ్ దీప్‌కే. 2024 రాంచీలో తన తొలి టెస్టు మొదటి ఉదయమే డకెట్, పోప్, క్రాలీలను పంపించాడు. స్టంప్ నుంచి స్టంప్‌కి వేస్తాడు, ఇక్కడ కావలసింది అదే. ప్రసిద్ధ్ ఎత్తు విదేశాల్లో ఎక్కువ పనికొస్తుంది. నితీశ్ మనవాడని ఎంత ఇష్టమున్నా, స్వదేశంలో అతన్ని మూడో పేసర్‌గా లెక్కించడం అతనికే అన్యాయం. కెప్టెన్లు ఇక్కడ అతనికి ఇచ్చే ఓవర్లు చాలా తక్కువ.

ఇక నా తీర్పు అడిగితే, కొత్త బంతితోనూ రివర్స్‌తోనూ మొదటి ఇద్దరి విషయంలో మనదే పైచేయి. మూడు, నాలుగు స్థానాల్లో ఇప్పటికీ ఆస్ట్రేలియా ముందుంది. ఇక్కడ పేసర్లు ఇద్దరితో సరిపెట్టుకోవచ్చు కాబట్టి ఆ లోటు మనకి అంతగా తగలకపోవచ్చు. అయితే మన పైచేయిని మనమే పారేసుకునే దారి ఒకటుంది, అది మొదటి రోజు నుంచే సుడులు తిరిగే పిచ్. 2024లో న్యూజిలాండ్ చేతిలో 3-0తో ఓడిన సిరీస్‌లో వాళ్ల స్పిన్నర్లు సాంట్నర్ పుణేలో 13 వికెట్లు, ఎజాజ్ పటేల్ ముంబైలో 11 తీశారు. 2025లో కోల్‌కతా ఈడెన్‌లో బుమ్రా మొదటి ఇన్నింగ్స్‌లో 5/27 తీసినా, దక్షిణాఫ్రికా స్పిన్నర్ హార్మర్ ఎనిమిది వికెట్లు తీయడంతో 124 ఛేదించలేక 93కే ఆలౌటయ్యాం. అలాంటి పిచ్ మీద ప్రపంచంలోనే ఉత్తమ పేసర్ ఉన్నా లేకున్నా తేడా తగ్గిపోతుంది, అవతలి జట్టులో సాధారణ స్పిన్నర్ కూడా గెలిపించేస్తాడు. మొదటి రెండు రోజులు బంతి బ్యాట్ మీదికి వచ్చే, మూడో రోజు నుంచి నెమ్మదిగా తిరిగే విశాఖ లాంటి పిచ్‌లు వేస్తే సిరీస్ మనదే అంటాను. టాస్ రోజు జట్ల జాబితా చేతికొచ్చినప్పుడు ఆస్ట్రేలియా పేసర్లు ఎంతమంది ఉన్నారో, ఆల్‌రౌండర్ గ్రీన్ బౌలింగ్ చేస్తున్నాడో లేదో చూడండి. ముగ్గురు పేసర్లు, పైన గ్రీన్ కూడా ఉంటే వాళ్లు 2004 పథకం పట్టుకుని వచ్చారని అర్థం. అప్పుడు మన బ్యాటర్లు ఓపికకి సిద్ధపడాలి.